కరీబియన్‌లో కుటుంబంతో బస: ఏ దీవి, ఏ తీరం?

ప్రశ్న: జులైలో పది రోజులు. 4, 9 ఏళ్ల పిల్లలు, అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం. బార్బడోసా, సెయింట్ లూసియానా? రిసార్టా, విల్లానా?

జవాబు 1: దీవికన్నా ముందు తీరం చూడండి. బార్బడోస్ పడమట, హోల్‌టౌన్ చుట్టుపక్కల, సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. తూర్పున బత్‌షీబా చూడ్డానికి అద్భుతం, కానీ అట్లాంటిక్ అలలు, లోపలికి లాగే ప్రవాహాలు. నాలుగేళ్ల బిడ్డను దింపే చోటు కాదది. జులైలో సర్గాసం నాచు ఎక్కువగా కొట్టుకొచ్చేదీ అటువైపే, కుళ్లిందంటే మురిగిన గుడ్ల కంపు.

జవాబు 2: సెయింట్ లూసియాలో హెవనోరా విమానాశ్రయం దక్షిణ కొసన, పర్యాటకులు ఎక్కువగా దిగే రాడ్నీ బే ఉత్తరాన. మెలికల కొండదారిలో సుమారు గంటన్నర, పిల్లలకు కడుపులో తిప్పేస్తుంది. సూఫ్రియేర్ పట్టణం విమానాశ్రయానికి అంతకన్నా దగ్గరే గానీ అక్కడి బసలు చాలావరకు ఏటవాలు మీద ఉంటాయి. అమ్మగారి మోకాళ్లు చూసుకుని, గదికి ఎన్ని మెట్లో ముందే అడగండి.

జవాబు 3: హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు, కాబట్టి రద్దు షరతులు చదవకుండా డబ్బు కట్టొద్దు. విల్లా అయితే ఈతకొలనుకు కంచె, తాళం పడే గేటు ఉండాల్సిందే. రిసార్టయితే పక్కపక్క గదుల మధ్య తలుపు ‘వీలునుబట్టి’ కాదు, ‘ఖాయం’ అని మెయిల్లో రాయించుకోండి. నా ఓటు బార్బడోస్ పడమటి తీరానికే.