అప్‌డేట్: బైపోలార్‌కి సరైన థెరపిస్ట్ దొరికారు

బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ మారే మానసిక సమస్య) ఉన్న నాకు హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడే థెరపిస్ట్‌ని ఎలా వెతకాలి, ఇద్దరి దగ్గర కుదరలేదు అని మూడు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ చూసుకోమన్న సలహా. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ)లో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టేనా అని ముందే చూసుకున్నాను. "బైపోలార్ ఉన్నవాళ్లతో పనిచేశారా? మా సైకియాట్రిస్ట్‌తో మాట్లాడతారా?" అని మొదటి ఫోన్‌లోనే అడిగేశాను. ఇంతకుముందు వెళ్లిన ఒకాయన నేను వాడే బైపోలార్ మందు లిథియం మానేయమన్నారు. ఈవిడ మాత్రం మందులు, రక్తపరీక్షలు డాక్టరుగారు చెప్పినట్టే సాగాలి, తన పని వాటికి తోడు మాత్రమే అన్నారు. ఆ మాటతోనే సగం టెన్షన్ పోయింది.

ఆవిడ పట్టుకున్నది నిద్ర. మేనియా (మితిమీరిన ఉత్సాహం ఉండే దశ) మొదలయ్యే ముందు నాకు నిద్ర తగ్గిపోతోంది, అయినా అలసట ఉండట్లేదు. ఇప్పుడు రోజూ పడుకున్న టైము, లేచిన టైము, మూడ్ రాస్తున్నాను. వరుసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే డాక్టరుగారికి ఫోన్ చేయాలని అక్కకీ చెప్పి ఉంచాను.

ఇంటికి దగ్గరగా ఉండాలన్న నా పట్టుదల అనవసరం, ఆన్‌లైన్ సెషన్లు సరిపోతున్నాయి. వెంటనే ఎవరూ దొరకనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.