మడమ వెనక నరం మూడు నెలలుగా పట్టేస్తోంది, పరుగు ఆపేయాలా?

బ్యారేజీ బాట, విజయవాడ:

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, బరువు 78 కిలోలు, పగలంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఏడాదిన్నర నుంచి పొద్దున్న ఐదింటికి లేచి ప్రకాశం బ్యారేజీ మీద పరుగెడుతున్నాను. ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు వెళ్లి వస్తే ఐదు కిలోమీటర్లకు కాస్త తక్కువవుతుంది, వారానికి నాలుగు రోజులు అదే నా లెక్క. ఇన్నాళ్లూ ఏ నొప్పీ లేదు.

మూడు నెలల కిందట ఎడమ మడమ వెనక మొదలైంది. పొద్దున్న మంచం దిగాక మొదటి పది అడుగులు గోడ పట్టుకోకుండా వేయలేకపోతున్నాను, అక్కడ ఎవరో తాడు బిగించి కట్టినట్టు ఉంటుంది. బాత్రూమ్‌కి వెళ్లొచ్చేసరికి కొంచెం వదులుతుంది. పరుగు మొదలుపెడితే మొదటి కిలోమీటరు కళుక్కుమంటుంది, తర్వాత నొప్పి ఉన్న సంగతే తెలియదు, మళ్లీ సాయంత్రం ఆఫీసులో కుర్చీలోంచి లేస్తే కుంటుతాను. మడమ ఎముకకు మూడు వేళ్ల పైన రెండు వేళ్లతో పట్టుకుని చూస్తే శనగగింజంత లావు తగులుతోంది, నొక్కితే ప్రాణం పోతుంది. కుడి కాలికి అది లేదు.

బామ్ రాశాను, కాపడం పెట్టాను, వారం రోజులు నొప్పి మాత్రలు వేసుకున్నాను. మూడు వారాలు పరుగు పూర్తిగా మానేస్తే నొప్పి పోయింది, హమ్మయ్య అనుకుని మళ్లీ మొదలుపెట్టిన నాలుగో రోజుకే తిరిగొచ్చింది. మా వీధిలో ఒకాయన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే ఒక్క రోజులో పోతుందంటున్నారు. అమ్మేమో నువ్వుల నూనెతో గట్టిగా మర్దన చేయించమంటోంది.

ఇంకొక విషయం, దీనికి సంబంధం ఉందో లేదో మీరే చెప్పాలి. నొప్పికి ముందు నెలలోనే ఆదివారాలు గుణదల కొండ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను, బూట్లు కూడా అప్పుడే మార్చాను, కొత్తవాటికి మడమ కింద అట్ట బాగా పల్చన. డిసెంబరులో పది కిలోమీటర్ల పరుగు ఒకటి పెట్టుకున్నాను. అది వదులుకోవాలా? అసలు పరుగే మానేయాలా?


గుంటూరు ఫిజియో:

మానేయక్కర్లేదండీ. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ నొప్పితో వచ్చేవాళ్లలో సగం మంది పరుగు పోయిందనే దిగులుతోనే వస్తారు. నేను గుంటూరులో పదకొండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. చూడకుండా రోగం తేల్చకూడదు కాబట్టి ఒక్కసారి దగ్గర్లో ఎవరికైనా చూపించుకోండి, కానీ మీరు రాసింది అకిలిస్ టెండన్ నొప్పికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

మనవాళ్లు దీన్ని నరం అంటారు గానీ ఇది నరం కాదు. నరం కరెంటు తీగలాంటిది, ఇది గీత కార్మికులు నడుముకు కట్టుకునే మోకులాంటిది. పిక్క కండరాలను తెచ్చి మడమ ఎముకకు కట్టే మోకు. ఒంట్లో ఇంతకన్నా లావైన, గట్టి టెండన్ లేదు, పరుగులో మన బరువుకు ఎన్నో రెట్ల భారం దీని మీద పడుతుంది. రోజూ పడే భారానికి తగ్గట్టు తనను తాను గట్టిపరుచుకుంటుంది కూడా, కాకపోతే చాలా నెమ్మదిగా. కండరం కొన్ని వారాల్లో బలం పుంజుకుంటే దీనికి నెలలు కావాలి. మీరు కొండ మెట్లూ పల్చటి బూట్లూ ఒకే నెలలో దాని మీద వేశారు. మెట్లెక్కేటప్పుడు మడమ కిందికి జారి టెండన్ సాగుతుంది, పల్చటి బూటులోనూ అదే జరుగుతుంది. పిక్క తట్టుకుంది, మోకు తట్టుకోలేకపోయింది.

మూడు వారాలు మానేసినా ఎందుకు తిరిగొచ్చిందంటే, విశ్రాంతిలో నొప్పి తగ్గింది గానీ టెండన్‌కు బలం రాలేదు, పైగా పని లేక ఇంకాస్త తగ్గింది. మీరేమో తగ్గిన టెండన్‌తో పాత పరుగే పెట్టారు. అందుకే దీనికి మందు బరువే, కొలత ప్రకారం ఇచ్చే బరువు.

మొదటి వారం పది రోజులు ఇలా చేయండి. గోడకు చేతులు ఆనించి రెండు కాళ్ల మునివేళ్ల మీద లేచి 45 సెకన్లు అలాగే ఆగాలి, రెండు నిమిషాల విరామం, అలా ఐదుసార్లు. చాలామందికి దీనితోనే నొప్పి కొంత నెమ్మదిస్తుంది. తర్వాత మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలొక్కదాని మీదే బరువు ఉంచి మడమను మెట్టు కిందికి మెల్లగా, మూడు అంకెలు లెక్కపెడుతూ దించాలి. పైకి మాత్రం మళ్లీ రెండు కాళ్లతోనే. పదిహేను చొప్పున మూడు విడతలు మోకాలు నిటారుగా ఉంచి, ఇంకో మూడు విడతలు మోకాలు కొద్దిగా వంచి, రోజుకు రెండు పూటలా, పన్నెండు వారాలు. మోకాలు వంచి చేసేవి దండగనుకుని వదిలేస్తారు చాలామంది, అడుగున ఉండే సోలియస్ కండరానికి పని పడేది వాటితోనే. తేలికైపోయాక వీపు సంచిలో ఐదు కిలోల బియ్యం వేసుకుని చేయండి.

ఈ పద్ధతిని 1998లో స్వీడన్ సర్జన్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించింది. ఆపరేషన్ దాకా వచ్చిన పదిహేను మందితో ఇది చేయిస్తే పన్నెండు వారాల్లో అందరూ మళ్లీ పరుగెత్తారు. రోజూ కుదరదనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది, వారానికి మూడు రోజులే, కానీ ఎక్కువ బరువుతో, బాగా మెల్లగా చేయడం. 2015లో డెన్మార్క్‌లో ఈ రెండూ పోల్చి చూస్తే ఫలితం దాదాపు సమానమే.

నొప్పికి భయపడకండి, కొలవండి. పదికి ఐదు దాటకుండా, మర్నాడు పొద్దున్న మంచం దిగినప్పుడు ముందురోజు కన్నా ఎక్కువ పట్టెయ్యకుండా ఉంటే మీరు చేసింది సరిపోయిందన్న మాట. పొద్దున్న ఎక్కువైతే ముందురోజు మోతాదు మించింది, ఒక మెట్టు వెనక్కి రండి. ఈ కొలతతో పరుగు కొనసాగించినవాళ్లు మానేసినవాళ్ల కన్నా వెనకబడలేదని 2007 నాటి స్వీడన్ అధ్యయనమే చూపించింది. కాబట్టి మీరు బ్యారేజీ మీద రోజు విడిచి రోజు, సగం దూరం, నింపాదిగా పరుగెత్తండి. గుణదల మెట్లు మాత్రం ప్రస్తుతానికి వద్దు. పాత బూట్లు ఉంటే అవే తొడగండి, లేదా మడమ కింద సెంటీమీటరు మందం మెత్తటి ప్యాడ్ కొన్నాళ్లు పెట్టుకోండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ జోలికి దయచేసి వెళ్లొద్దు. నొప్పి కొన్ని వారాలు తగ్గుతుంది, ఆ ధైర్యంతో మీరు పరుగెడతారు, టెండన్ బలహీనపడి తెగే ప్రమాదం ఉంది. అమ్మగారి నూనె పిక్కకు రాయించుకోండి, హాయిగానే ఉంటుంది, కానీ ఆ లావున్న చోట బొటనవేలితో పిసకనివ్వకండి.


షటిల్ పిచ్చి, విజయవాడ:

బ్రదర్, మేడమ్ గారు చెప్పింది తూచా తప్పకుండా చెయ్యి. నేను చెయ్యలేదు. ఇండోర్ స్టేడియంలో రోజూ సాయంత్రం షటిల్ ఆడేవాణ్ని, నీకున్న నొప్పే నాకు ఆరు నెలలు ఉంది, వేడెక్కితే పోతుంది కదా అని ఆడుతూనే ఉన్నాను. ఒకరోజు నెట్ దగ్గర పడ్డ షటిల్ కోసం ముందుకు దూకబోతే టప్‌మని శబ్దం, వెనకాల ఎవరో రాకెట్‌తో పిక్క మీద కొట్టారనుకుని తిరిగి చూశాను, వెనక ఎవరూ లేరు. ఆశ్చర్యం ఏంటంటే నొప్పి కాసేపటికే తగ్గింది, కుంటుకుంటూ నడిచాను, వేళ్లు కూడా కదిలాయి. చూపించిన చోట బెణికిందని క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపేశారు. మునివేళ్ల మీద లేవలేకపోతున్నానని తొమ్మిదో రోజు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్క పిసికారు. మంచి కాలు పిసికితే పాదం కిందికి కదిలింది, రెండోది పిసికితే చలనం లేదు. టెండన్ పూర్తిగా తెగిందన్నారు.

అందరూ గుర్తుపెట్టుకోండి, నడవగలుగుతున్నాం కదా అని ఊరుకోకూడదు, టప్‌మన్న శబ్దం వస్తే అదే రోజు ఎముకల డాక్టరుకు చూపించి పిక్క పిసికి చూడమని మీరే అడగండి. త్వరగా తెలిస్తే కొంతమందికి ఆపరేషన్ లేకుండా, మునివేళ్లు కిందికి వంచి ఉంచే బూటుతో కూడా అతుక్కుంటుందట, నాకు ఆలస్యమైంది కాబట్టి ఆపరేషనే అయింది. మళ్లీ కోర్టులో నిలబడటానికి పదకొండు నెలలు పట్టింది. షమీ అంతటివాడు 2024 ఫిబ్రవరిలో అకిలిస్‌కి ఆపరేషన్ చేయించుకుంటే ఆ ఏడాది ఐపీఎల్, టీ20 ప్రపంచ కప్ రెండూ పోయాయి, ఇక ఆఫీసు అయ్యాక ఆడుకునే మనకెంత కాలం పడుతుందో ఆలోచించు.


కాలవగట్టు, పటమట:

నేను పరుగెత్తేదాన్ని కాదు బాబూ, 58 ఏళ్లు, షుగర్ ఉంది, రోజూ గంట నడుస్తాను. నా అనుభవం కూడా పనికొస్తుందని రాస్తున్నాను. నాకు నొప్పి మూడు వేళ్ల పైన కాదు, సరిగ్గా మడమ ఎముకకు టెండన్ అతుక్కునే చోట, చెప్పు పట్టీ ఒరుసుకునే చోట. ఎవరో చెప్పారని వీడియో చూసి మెట్టు మీద మడమ కిందికి దించే వ్యాయామం చేస్తే వారంలో రెట్టింపైంది. తర్వాత ఫిజియో అమ్మాయి చెప్పింది, ఆ చోట నొప్పి ఉన్నవాళ్లు మడమను మెట్టు కిందికి దించకూడదట, అక్కడ టెండన్ ఎముకకు నొక్కుకుంటుందట. నేల మీదే నిలబడి లేచి దిగాలి, అంతవరకే. అలా చేశాక నాలుగు నెలల్లో తగ్గింది.

ఇంకోటి. నాకు ఈ నొప్పి వచ్చింది మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ కోర్సు వాడిన వారంలో. ఆ రెండిటికీ సంబంధం ఉండొచ్చని నాకు అప్పుడు తెలియదు. సిప్రో, లెవో, ఓఫ్లో రకం యాంటీబయాటిక్స్‌తో టెండన్లు దెబ్బతినొచ్చని, అరవై దాటినవాళ్లకూ స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకూ ముప్పు ఇంకా ఎక్కువని 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ మందుల మీద నల్ల గడి కట్టి హెచ్చరిక వేయించింది. మనమేమో విరేచనాలకీ జ్వరానికీ మందుల షాపులో అడిగి కొనుక్కుని వేసేసుకుంటాం. ఆ మాత్రలు వేసుకునేటప్పుడు మడమ వెనక నొప్పి మొదలైతే వెంటనే రాసిన డాక్టరుకు చెప్పి మార్పించుకోండి.


గుంటూరు ఫిజియో:

పెద్దమ్మ గారు చెప్పిన రెండూ బంగారం లాంటి మాటలు, రెండోది నేనే ముందు అడగాల్సింది. షుగర్, కొలెస్ట్రాల్ కూడా టెండన్‌ను దెబ్బతీస్తాయి కాబట్టి 40 దాటినవాళ్లు ఆ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. ఇంకా, పిక్క అంతా వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే, ముఖ్యంగా దూర ప్రయాణం చేసి వచ్చాకో మంచాన ఉండి లేచాకో అయితే, అది టెండన్ నొప్పి అనుకోవద్దు. రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.


బ్యారేజీ బాట:

ఐదు వారాలు చేశాక రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. దగ్గర్లో ఫిజియోకి చూపించుకున్నాను, మీరు చెప్పిందే అన్నారు. యాంటీబయాటిక్స్ ఏవీ వాడలేదు, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువ ఉంది, దానికి డాక్టరును కలిశాను. వ్యాయామం మా ఇంటి గుమ్మం ముందు మెట్టు మీదే, పొద్దున్న పాలవాడు వచ్చే వేళకు ఒక విడత, రాత్రి భోజనానికి ముందు ఇంకొకటి. రెండో వారం మాత్రం నొప్పి పెరిగి భయమేసింది, సంఖ్య తగ్గించి చేస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంది. గోడ పట్టుకోవడం నిన్నటికి మానేశాను, పొద్దున్న పట్టేసినట్టు ఉండటం పది అడుగుల నుంచి మూడు అడుగులకు వచ్చింది. శనగగింజ అలాగే ఉంది, అది పోదా? బ్యారేజీ మీద ఇప్పుడు రెండున్నర కిలోమీటర్లు, రోజు విడిచి రోజు. డిసెంబరు సంగతి చెప్పండి మేడమ్.


గుంటూరు ఫిజియో:

చాలా సంతోషం. ఆ లావు చాలామందికి నొప్పి పోయాక కూడా నెలల తరబడి అలాగే ఉంటుంది, దాన్ని రోజూ నొక్కి చూసుకోవడం మానేయండి. డిసెంబరుకు నా మాట ఇది: నవంబరు మధ్యకల్లా నొప్పి ఉన్న కాలొక్కదాని మీద ఆగకుండా ఇరవై అయిదుసార్లు మునివేళ్ల మీద లేవగలిగితే, ఏడు కిలోమీటర్లు పరుగెత్తిన మర్నాడు పొద్దున్న మామూలుగా మంచం దిగగలిగితే, వెళ్లండి. లేకపోతే ఈ ఏడాదికి ఐదు కిలోమీటర్ల పరుగులో పేరు వేయించుకోండి. పరుగు అయిపోయాక కూడా వారానికి రెండు రోజులు ఆ మెట్టు మీద వ్యాయామం వదలొద్దు, కొత్త బూట్లు కొన్న నెలలో కొండ మెట్లు ఎక్కొద్దు.