సమస్యాపూరణం: కాలు విరిగినోడె గంతులేసె

ఇర్వింగ్ రాంబాబు:
అందరికీ నమస్కారం, ఈసారి సమస్య నాది. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా, "కాలు విరిగినోడె గంతులేసె". విషయం ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, 2025-26 సీజన్‌లో తామేంటో మళ్ళీ చూపించాల్సిన ఆటగాళ్ళు. 2025 ప్లేఆఫ్స్‌లో లిల్లార్డ్, టేటమ్, హాలిబర్టన్ ముగ్గురికీ మడమ పైన ఎకిలీస్ అనే స్నాయువు తెగింది, ముగ్గురి జెర్సీ మీదా సున్నానే, అప్పట్నుంచి ఈ పాదం నోట్లో ఆడుతూనే ఉంది. వాడుక మాటలు పర్లేదు, గణాలు, యతి తప్పొద్దు.

వరంగల్ చిన్నోడు:
వేగసందు కూలి విలవిలలాడగా
చూసినోళ్ళ గుండె చుర్రుమనియె
ఎనిమిదే నెలలకు నిండియానకు వచ్చి
కాలు విరిగినోడె గంతులేసె

పాల్ జార్జ్ అండీ. 2014 ఆగస్టు 1న లాస్ వేగస్‌లో అమెరికా టీమ్ ప్రాక్టీస్ మ్యాచ్‌లో బాస్కెట్ స్టాండ్ అడుగుకి కాలు తగిలి ఎముక విరిగింది, 2015 ఏప్రిల్‌కల్లా తన ఇండియానా టీమ్ తరఫున మళ్ళీ దిగాడు. ఫిలడెల్ఫియా టీమ్‌లో 2024-25 సీజన్ 41 మ్యాచ్‌లే ఆడాడు, పక్కన ఎంబీడ్ 19, 2023లో ఎంవీపీ, అంటే లీగ్‌లో మేటి ఆటగాడు అయిన మనిషి, ఈ ఇద్దరూ నిలబడకపోతే ఆ టీమ్ లేనట్టే.

ఛందస్సు మాస్టారు:
బాగుంది నాయనా, మూడో పాదంలో ఎ-ఇ స్వరయతి చక్కగా పడింది. ఒక్కటే, "మనియె" తర్వాత "ఎనిమిదే" అచ్చుతో మొదలైంది, విసంధి, అంటే సంధి చెయ్యకుండా వదిలేసినట్టు. "నెనిమిదే" అని రాయి, గణం చెడదు, యతీ చెడదు.

శారద:
మోయలేని నొప్పి మోకాలు మడమయు
రెండు సీజనులుగ రెక్కలుడిగె
వచ్చిన తొలినాడె వలలోన బంతేసి
కాలు విరిగినోడె గంతులేసె

క్లే థాంప్సన్. గాయాలతో 941 రోజులు ఆటకి దూరమై 2022 జనవరి 9న దిగి, ఆ రోజే జనం మధ్యలోంచి దూసుకెళ్ళి డంక్ కొట్టాడు, అంటే ఎగిరి బంతిని రింగులో కుక్కాడు. అదే నా గంతు. 2024లో డల్లాస్ టీమ్‌కి వచ్చాడు, అయిపోయాడు అనేవాళ్ళకి ఇంకోసారి చూపించాలి.

వరంగల్ చిన్నోడు:
అక్కా, క్లేకి కాలు విరగలేదు కదా, లిగమెంట్ పోయింది, తర్వాత ఎకిలీస్.

శారద:
మా ఊళ్ళో మోకాలు పోయినా కాలిరిగిందనే అంటారు తమ్ముడూ.

ఛందస్సు మాస్టారు:
అది ఒప్పుకోవచ్చు. కానీ అమ్మా, "మడమయు" గ్రాంథికం, "బంతేసి" వాడుక, రెండూ ఒక పద్యంలో పొసగవు. "మోకాలు మడమల" అను, అర్థం కూడా తేటపడుతుంది.

ఇర్వింగ్ రాంబాబు:
నాది కైరీ ఇర్వింగ్ మీద. మా ఊరి పేరూ ఇర్వింగే, డల్లాస్ పక్కన, ఇక్కడ మనోళ్ళు చాలామంది. మా డల్లాస్ టీమ్ తన స్టార్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్ టీమ్‌కి పంపేసి నెల తిరిగిందో లేదో, 2025 మార్చి 3న శాక్రమెంటో మ్యాచ్‌లో అదే టీమ్‌లోని కైరీకి మోకాలి లిగమెంట్ తెగింది, ఏడుస్తూనే లైన్ దగ్గర నిలబడి రెండు ఫ్రీ త్రోలూ (ఫౌల్‌కి ఇచ్చే అడ్డులేని షాట్లు) వేసి అప్పుడు లోపలికెళ్ళాడు. మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

కంటనీరు కార్చి గాయపు కాలితో
రెండు మార్లు వేసె రింగులోనె
మళ్ళి వచ్చు నాడు మనమంత చూడగా
కాలు విరిగినోడె గంతులేసె

ఛందస్సు మాస్టారు:
మొదటి రెండు పాదాలకి నా కళ్ళూ తడిశాయి. మూడోదే చిక్కు, "వచ్చు నాడు" భవిష్యత్తు, "గంతులేసె" భూతం, కాలం కుదరలేదు.

ఇర్వింగ్ రాంబాబు:
నిజమే మాస్టారూ, రాత్రంతా అదే ఆలోచించా. మూడో పాదం మార్చా:

కలను గంటి రాత్రి కళ్ళార చూసితి
కాలు విరిగినోడె గంతులేసె