పొట్టేలు దాటుతోంది, జీవాలు చూడి నిలవట్లేదు. లోపం ఎక్కడ వెతకాలి?

పెనుకొండ_మంద:
జూన్ వానలకు గొర్రెలు ఎదకొచ్చాయి. పొట్టేలు రొమ్ముకు జాజు నూనెలో కలిపి పూశాం, 17 రోజులకు రంగు మార్చి నీలం పూశాం. సగానికి పైగా గొర్రెల నడుము మీద ఎరుపు, నీలం రెండూ ఉన్నాయి. నెల్లూరు జోడిపి పొట్టేలు, మూడేళ్లది, ఒళ్ళు బాగుంది. అమ్మేయాలా?

పశువైద్యం_ప్రొద్దుటూరు:
అప్పుడే అమ్మొద్దు. రెండు రంగులు పడ్డాయంటే తిరిగి ఎదకొచ్చినట్టే. ఇన్ని గొర్రెలకు ఒకేసారి ఇలా అయితే ముందు పొట్టేలునే అనుమానించాలి.

పొట్టేలు వృషణంలో ఒక వీర్యకణం తయారవడానికి 47–49 రోజులు పడుతుంది. అది వృషణానికి అంటుకుని ఉండే ఎపిడిడిమిస్ గొట్టంలో ముదరడానికి ఇంకో పది పద్నాలుగు రోజులు. అంటే జూన్ చివర పడే కణాలు ఏప్రిల్, మే ఎండల్లో తయారైనవి. వృషణాలు ఒంటి వేడి కంటే 2 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉండాలి. తిత్తి కిందికి జారడం, చెమట, పైనున్న రక్తనాళాల చుట్ట, ఈ మూడూ ఆ పని చేస్తాయి. బయట గాలే 42 డిగ్రీలుంటే వేడి పోవడానికి దారి ఉండదు. హార్మోను ఇచ్చే కణాలు వేడిని కొంత ఓర్చుకుంటాయి, విభజన చెందే కణాలు ఓర్చుకోలేవు. అందుకే పొట్టేలు హుషారుగా దాటుతూనే ఉంటుంది, వీర్యం మాత్రం పనికిరాదు. దాటడం చూసి నమ్మకండి.

ఆదోని_జీవాలు:
ముందు చేత్తో చూడండి. పొట్టేలును నిలబెట్టి వెనకనుంచి రెండు వృషణాలనూ కిందికి దించి పట్టుకోండి. రెండూ సమానంగా, గట్టిగా, పట్టులో జారేలా ఉండాలి. మెత్తబడి ఉంటే వేడి దెబ్బో, ఈమధ్య వచ్చిన జ్వరమో. ఒకవైపు అడుగున, ఎపిడిడిమిస్ తోక దగ్గర గడ్డలా తగిలితే బ్రూసెల్లా (జీవాలు ఈసుకుపోయేలా చేసే అంటురోగం) అనుమానించి రక్తం పరీక్షకు పంపాలి. అందులో కొన్ని రకాలు మనుషులకూ అంటుతాయి. ఈసుకుపోయిన పిల్లల్ని, మావిని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

పెనుకొండ_మంద:
గడ్డ లేదన్నా. రెండూ కాస్త మెత్తగా ఉన్నాయి. పోయినేడు నీలి నాలుక వచ్చిపోయింది.

ఆదోని_జీవాలు:
పోయినేటిది ఈపాటికి పోయుంటుంది. జ్వరం దెబ్బ మామూలుగా రెండు మూడు నెలలు.

పశువైద్యం_ప్రొద్దుటూరు:
ఇక వీర్యం. పొట్టేలుకు ఒకసారికి వచ్చేది ఇంచుమించు ఒక మిల్లీలీటరు, మీగడలా చిక్కగా ఉండాలి. నీళ్ళలా ఉంటే కణాలు తక్కువ. పసుపు రంగు, మూత్రం వాసన ఉంటే పారేసి మళ్ళీ తీయాలి. గొట్టం, స్లైడు, కవర్‌స్లిప్ అన్నీ 37 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. చుక్క వేసి కవర్‌స్లిప్ లేకుండా 10 రెట్ల లెన్సులో చూస్తే మంచి వీర్యం సుడులు తిరుగుతూ అలలుగా కదులుతుంది. సున్నా నుంచి 5 మార్కుల్లో 3 కంటే తక్కువైతే ఆ పొట్టేలును ఈ సీజనుకు పక్కన పెట్టండి.

తర్వాత ఇయోసిన్-నిగ్రోసిన్ రంగుతో పూత తీసి 200 కణాలు లెక్కపెట్టాలి. గులాబీ రంగు పట్టినవి చచ్చినవి, తెల్లగా ఉన్నవి బతికినవి. తలలు వంకరగా ఉన్నా, తల ఊడి ఉన్నా లోపం వృషణంలోనో ఎపిడిడిమిస్‌లోనో ఉన్నట్టు. తోకలు మాత్రమే మడత పడి ఉంటే ముందు మీ స్లైడు చల్లగా ఉందేమో చూసుకోండి. ఎన్నో మంచి పొట్టేళ్ళు చల్లటి గాజుపలక వల్లే ఫెయిలవుతాయి.

ల్యాబ్_కడప:
కదలిక బాగున్నా చూడి నిలవని కేసులకు వీర్యకణం పైపొర బాగుందో లేదో చూసే పరీక్ష చేయండి. ఖర్చు నామమాత్రం. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం సిట్రేట్ 0.735 గ్రాములు, ఫ్రక్టోజ్ 1.351 గ్రాములు. ఒక మి.లీ. ద్రావణంలో 0.1 మి.లీ. వీర్యం కలిపి 37 డిగ్రీల్లో గంటసేపు ఉంచండి. ఇది పలుచని ద్రావణం కాబట్టి పొర బాగున్న కణంలోకి నీరు చేరి తోక చుట్టుకుంటుంది. పొర పాడైన కణం తోక తిన్నగానే ఉంటుంది. ద్రావణంలో వేయకముందే చుట్టుకున్నవి ఎన్నో లెక్కపెట్టి తీసేయాలి, చాలామంది ఇది మరచిపోతారు. కణం అండంలోకి దూరాలంటే తలమీది టోపీ పొర సరైన వేళలో విచ్చుకోవాలి. ఈ పరీక్ష తోక వైపు పొర సంగతే చెబుతుంది, టోపీకి వేరే రంగు పరీక్ష కావాలి.

నల్లరేగడి_ఆలూరు:
మేపు ఏంటి? మా వైపు పత్తి గింజలు చవకని పొట్టేళ్ళకు కూడా పోస్తారు. గింజల్లో గాసిపోల్ ఉంటుంది, అది వీర్యకణం నడుము భాగాన్ని, అంటే కదలికకు శక్తినిచ్చే చోటును, దెబ్బతీస్తుంది. పెద్ద జీవాల పొట్టలో కొంత విరుగుతుంది కానీ రోజూ పోస్తే చాలదు. విత్తనపు పొట్టేలుకు పచ్చి గింజలు మానేసి వేరుశనగ చెక్క పెట్టండి. బూజు పట్టిన చెక్క మాత్రం వద్దు.

పెనుకొండ_మంద:
పత్తి గింజలే పెడుతున్నాం, ఏప్రిల్ నుంచి. మరి నంద్యాల నుంచి వచ్చే గడ్డకట్టించిన వీర్యం స్ట్రాలు గేదెలకు వేసినట్టు గొర్రెలకూ వేయిస్తే?

పశువైద్యం_ప్రొద్దుటూరు:
గొర్రె గర్భాశయ ముఖద్వారం మెలికలు మెలికలుగా ఉంటుంది, పైపు దాటదు. గడ్డకట్టించిన వీర్యం లోపలికి పోవాలంటే లాప్రోస్కోప్ (పొట్టకు చిన్న గాటు పెట్టి లోపల చూసే గొట్టం) కావాలి, మంద మొత్తానికి అయ్యే పని కాదు. గింజలు ఈరోజే ఆపండి. పరీక్ష చేయించిన వేరే పొట్టేలును 25 గొర్రెలకు ఒకటి చొప్పున వదలండి, పాతదాన్ని తప్పకుండా వేరు చేయండి. మందలో అదే పెద్దదైతే కొత్తదాన్ని దాటనివ్వదు, పాతది ఉత్త దాట్లు దాటుతుంది. పాతదాన్ని 60 రోజుల తర్వాత మళ్ళీ పరీక్షించండి, వృషణాలు గట్టిపడి అలలు కనిపిస్తే ఉంచుకోండి. వచ్చే ఏడు మార్చి చివర ఒకసారి చూపించి, ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా చింతచెట్టు నీడలో కట్టేయండి. మేత ఉదయం, సాయంత్రం చాలు.