స్పీడ్ గిటారిస్టు బ్లూస్ వాయిస్తే అది బ్లూసేనా? (ఇందిరానగర్ శుక్రవారం షో)

పెంటాటానిక్_పంతులు · శనివారం ఉదయం 9:12
నిన్న ఇందిరానగర్ షోకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పేరు రాయను, బెంగళూరులో మెటల్ వినే అందరికీ తెలిసిన మనిషే, పదిహేనేళ్ళుగా ఊళ్ళో స్పీడంటే ఆయనే. ఈసారి బ్లూస్ (అమెరికా నల్లవాళ్ళ సంగీతం) నైట్ అని పోస్టర్ వేసి టికెట్ 999 పెట్టారు. మారతహళ్ళి నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో పడి వెళ్ళా. రెండు గంటలు విన్నాక నా మాట ఒక్కటే, అది బ్లూస్ కాదు, బ్లూస్ చొక్కా తొడుక్కున్న మెటల్.
ఉదాహరణ ఇస్తా. రెండో పాట, స్లో బ్లూస్, కీ (ఆధార స్వరం) 'A', అంటే ఇంటి కార్డు ఏ7. ఏ7 మీదే ఉండకుండా రెండో బార్‌కే (రెండో తాళావర్తనానికే) బ్యాండ్ డి7 కార్డుకి (కలిపి మోగే స్వరాల గుత్తికి) వెళ్ళిపోయింది, దాన్నే క్విక్ చేంజ్ అంటారు. ఈయన మాత్రం సి షార్ప్ పట్టుకుని దాన్నే ఊపుతూ కూర్చున్నాడు. డి7లో ఉండేది దానికి అర స్వరం కింది సి నాచురల్ కదా! ఒకసారంటే పొరపాటు అనుకుంటాం, మూడు రౌండ్లూ అదే. కింద ఏ కార్డు నడుస్తోందో వినకుండా వేళ్ళు పరిగెత్తించేవాడికి బ్లూస్ ఎందుకండీ?

గోంగూర_గెయిన్ · 9:20
999లో ఒక బీరైనా కలిపి ఇచ్చారా లేదా

ఆరు_తీగల_అల్లరి · 10:05
నేనూ వెళ్ళా. ముందు వరసలోనే ఉన్నా. పంతులు గారూ మీరు ఏ షో చూశారో నాకు అర్థం కావట్లేదు. హౌస్‌ఫుల్, చివరి స్లో పాటకి జనం ఫోన్లు కింద పెట్టి విన్నారు, బెంగళూరు పబ్‌లో అది మామూలు విషయం కాదు.
ఇక రాక్ వాయించేవాడు బ్లూస్ వాయించకూడదనే పాత పాట. గ్యారీ మూర్ ఎవరు? థిన్ లిజ్జీ రాక్ బ్యాండ్‌లో వాయించాడు, 80లంతా హార్డ్ రాక్, ఆయన స్పీడ్ చూసి భయపడని గిటారిస్టు లేడు. 1990లో బ్లూస్ ఆల్బమ్ చేస్తే అందులో బ్లూస్ పెద్దలు ఆల్బర్ట్ కింగ్, ఆల్బర్ట్ కాలిన్స్ ఇద్దరూ వచ్చి వాయించారు. వాళ్ళకి లేని అభ్యంతరం మారతహళ్ళిలో మీకెందుకు?

పెంటాటానిక్_పంతులు · 10:31
గ్యారీ మూర్ పేరు వస్తుందని తెలుసు, ఈ టాపిక్‌లో పది నిమిషాల్లోపు వచ్చి తీరుతుంది.
ఆయన బ్లూస్ "ట్రై" చెయ్యలేదండీ, తిరిగొచ్చాడు. బెల్‌ఫాస్ట్ కుర్రాడిగా ఉన్నప్పుడే బ్లూస్ గిటారిస్టు పీటర్ గ్రీన్ అంటే ప్రాణం, ఆ పీటర్ గ్రీన్ 1959 లెస్ పాల్ గిటారే కొనుక్కుని ఏళ్ళ తరబడి వాయించాడు, 1995లో ఆ గ్రీన్ మీదే ఒక ఆల్బమ్ మొత్తం చేశాడు. మన హీరోకి అలాంటి మూలం ఏది? మెటల్ షోలకి జనం తగ్గారు, బ్లూస్ అని రాస్తే కార్పొరేట్ వాళ్ళు వస్తారు, అంతే.
నేనడిగిన దానికి మాత్రం జవాబు రాలేదు. రెండో బార్‌లో సి షార్ప్ ఎందుకు?

బేస్_బాబాయ్ · 10:40
సి షార్ప్ అక్కడ తప్పే, వినకుండా కూడా చెప్పొచ్చు. కానీ బ్యాండ్ నిజంగా డికి వెళ్ళిందా అన్నది వేరే సంగతి. చాలామంది పబ్ బ్యాండ్లకి క్విక్ చేంజ్ ఉందో లేదో పాట మొదలయ్యాకే తెలుస్తుంది 😄

ఆరు_తీగల_అల్లరి · 11:15
ఒక్క నోటు పట్టుకుని మొత్తం షోని కొట్టిపారేస్తారా. సరే బ్లూస్‌లో స్పీడ్ లేదా? జానీ వింటర్ స్లోగా వాయించాడా? అలాంటివాడు 1977లో బ్లూస్ దిగ్గజం మడ్డీ వాటర్స్ ఆల్బమ్ ప్రొడ్యూస్ చేశాడు, గిటారు కూడా వాయించాడు. మడ్డీ వాటర్సే కాదనలేదు. హెండ్రిక్స్ సంగతి చెప్పనక్కర్లేదు. మీ లెక్కలో బ్లూస్ అంటే నిమిషానికి నాలుగు నోట్లు, కళ్ళు మూసుకుని మొహం వంకరగా పెట్టడం.

పెంటాటానిక్_పంతులు · 11:52
స్పీడ్ తప్పని నేనెక్కడ అన్నాను? పైకెళ్ళి చదవండి. వినకపోవడం తప్పన్నాను.
బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) తీసుకోండి. వాళ్ళ బంధువు బుక్కా వైట్ స్లైడ్‌తో (వేలికి తొడిగి తీగల మీద జారించే గొట్టంతో) వాయిస్తే వచ్చే ఆ ఏడుపు లాంటి శబ్దం ఈయనకి కావాలి, స్లైడ్ చేతికి లొంగలేదు, అందుకని వేలు వణికించి తెచ్చుకున్నాడు. రాని దాని చుట్టూ తిరిగి తిరిగి సొంత గొంతు చేసుకున్నాడు. అన్నీ వచ్చినవాడికి ఆ అవసరమే పడదు, అసలు సమస్య అదీ. మెటల్ స్పీడ్‌కి పేరుపడ్డ ఇంగ్వీ మామ్‌స్టీన్ 2019లో ఒక బ్లూస్ ఆల్బమ్ తెచ్చాడు, వినండి, పాట ఏదైనా వినిపించేది ఇంగ్వీయే. కచేరీకి పిలిస్తే పెళ్ళికొడుకులా ముస్తాబై వచ్చినట్టుంటుంది.

గోంగూర_గెయిన్ · 11:58
పెళ్ళికొడుకు 😂😂 ఇంగ్వీకి ఆ బంగారు గొలుసులతో కరెక్టుగా సరిపోయింది

పాలకొల్లు_మీటు · మధ్యాహ్నం 1:20
నేను బ్లూస్ మనిషిని కాదు, జయనగర్‌లో వీణ నేర్చుకుంటున్నా, మా ఆయన గిటారు పిచ్చి వల్ల ఈ గుంపులో ఉన్నా. మీరు సి షార్ప్, సి నాచురల్ అని కొట్టుకుంటుంటే మా తోడి రాగం గుర్తొచ్చింది. తోడిలో గాంధారాన్ని ఒకచోట నిలబెట్టి వాయిస్తే స్వరం కరెక్టే, రాగం మాత్రం పోతుంది, దాన్ని ఊపాలి. మా ఆయన బ్లూస్ వింటుంటే నాకూ అలాగే అనిపిస్తుంది, ఆ మూడో స్వరం రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, మెట్ల మీద దొరకదు, తీగ లాగితేనే దొరుకుతుంది.
ఇంకోటి. మా ఊరివాడే మాండలిన్ శ్రీనివాస్. మెట్లున్న పాశ్చాత్య వాయిద్యం, నాదం నిలవదు, దాని మీద గమకం ఏం పలుకుతుంది అన్నవాళ్ళే అప్పట్లో ఎక్కువ. ఆ చిన్న పిల్లాడు జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసి, కరెంటు పెట్టి పలికించాడు. బయటినుంచి వచ్చిన వాయిద్యాన్ని మనవాళ్ళు చివరికి ఒప్పుకున్నారు, ఎందుకంటే అతను ముందు పాట నేర్చుకుని ఆ తర్వాతే వాయిద్యాన్ని వంచాడు. నిన్నటి షోలో ఆయన ఏది ముందు చేశాడో నాకు తెలీదు.

ఆరు_తీగల_అల్లరి · 1:34
అక్కా సూపర్ చెప్పారు, నా పాయింటూ అదే.

పెంటాటానిక్_పంతులు · 1:36
అది నా పాయింటు బాబూ.

హెచ్_ఎస్_ఆర్_హమ్‌బకర్ · 2:05
ఒక డౌట్. మిసిసిపీ పత్తి చేలల్లో నల్లవాళ్ళు పడ్డ బాధలోంచి పుట్టిన సంగీతం ఇది, ఐటీ జీతాలు తీసుకునే మనం ఎవరిది అసలు, ఎవరిది నకిలీ అని తేల్చడం కొంచెం ఓవర్ కాదూ

గోంగూర_గెయిన్ · 2:11
పత్తి ఏరడమే అర్హత అయితే మా గుంటూరు జిల్లా మొత్తం బ్లూస్ వాయించాలి, మా నాయనమ్మ హెడ్‌లైనర్

పెంటాటానిక్_పంతులు · 2:48
జోకులు బాగానే ఉన్నాయి. ఎవరు పుట్టుకతో బ్లూస్ అని నేను అడగలేదు, షిల్లాంగ్ బ్లూస్ బ్యాండ్ సోల్‌మేట్ వాళ్ళు వాయిస్తే నిలబడి వింటాను. ఏళ్ళు పెట్టారు వాళ్ళు. ఈయన ఎన్ని మంగళవారాలు పెట్టాడు? ఒక్కసారైనా వచ్చి వెనకాల రిథమ్ వాయించాడా? వేరేవాడు సోలో వాయిస్తుంటే పావుగంట ఊరికే ఏ7 పట్టుకుని నిలబడ్డాడా?

ఆరు_తీగల_అల్లరి · 3:02
మంగళవారాలా? ఏ మంగళవారాలు?

పెంటాటానిక్_పంతులు · 3:30
సరే, దాచడం ఎందుకు. నిన్న షో జరిగిన అదే పబ్‌లో ఆరేళ్ళు మంగళవారం బ్లూస్ జామ్ నడిపింది నేను. టికెట్ లేదు, ఎవరైనా గిటారు తెచ్చుకుని ఎక్కొచ్చు. వానొచ్చి సిల్క్ బోర్డు జంక్షన్ మునిగిన రోజు కూడా నడిపా, ఆ రోజు నలుగురం వాయించాం, ముగ్గురు విన్నారు. డ్రమ్స్‌కి కొత్త స్కిన్‌లు నా జేబులోంచి. పోయిన నెల మేనేజర్ పిలిచి, మంగళవారం బిల్లు రావట్లేదు సర్, ఇకనుంచి శుక్రవారం టికెట్ పెట్టి ఒక "బ్లూస్ ప్రాపర్టీ" చేస్తున్నాం అన్నాడు. ప్రాపర్టీ అట! నన్ను ఓపెనింగ్‌కి కూడా అడగలేదు. 999 కట్టి గెస్టులా వెళ్ళి కూర్చున్నా.

బేస్_బాబాయ్ · 3:37
ఓహ్. అది మీరేనా అన్నా. నేను రెండుసార్లు వచ్చా అక్కడికి. బాగుండేది.

ఆరు_తీగల_అల్లరి · 4:10
ఇప్పుడర్థమైంది. ఆ టోపీ ఆయన నువ్వే కదా. 2018లో నేను వచ్చా ఆ జామ్‌కి. మొదటిసారి స్టేజీ ఎక్కడం, పక్కన నాకు కాబోయే అమ్మాయి కూడా ఉంది, రెండు రౌండ్లు ఇచ్చారు, మొదటి రౌండు సగంలోనే నువ్వు వెనకనుంచి వచ్చి నా ఆంప్ వాల్యూమ్ తగ్గించేశావు, పైగా మైకులో "ఇది టైపింగ్ పరీక్ష కాదు తమ్ముడూ" అన్నావు, జనం నవ్వారు. ఆ తర్వాత నేనెక్కడా జామ్‌కి వెళ్ళలేదు. ఐదేళ్ళు రూమ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వాయించా. ఎవరైనా ఎక్కొచ్చు అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

గోంగూర_గెయిన్ · 4:13
🍿

పెంటాటానిక్_పంతులు · 4:55
వాల్యూమ్ తగ్గించింది నేనే. గుర్తుంది. నీ ఆంప్ శబ్దానికి పాడే అమ్మాయి గొంతు వినపడట్లేదు, ఆమె రెండో చరణం మొదలుపెట్టేసింది, నువ్వింకా సోలోలోనే ఉన్నావు. సైగ చేశా, చూడలేదు. మైకులో ఆ మాట అనకుండా ఉండాల్సింది, అది తప్పే. వాల్యూమ్ మాత్రం మళ్ళీ అయినా తగ్గిస్తా.

ఆరు_తీగల_అల్లరి · 5:21
పాతకాలం బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ గురించి అతని కంటే పెద్దవాడైన సన్ హౌస్ చెప్పింది తెలుసు కదా నీకు. కుర్రాడు పెద్దవాళ్ళు విరామం తీసుకున్నప్పుడల్లా గిటారు పట్టుకుని గోల చేసేవాడు, జనం వీణ్ణి ఆపండయ్యా అని తిట్టేవాళ్ళు. ఎటో వెళ్ళిపోయి కొన్నాళ్ళకి తిరిగొచ్చి వాయిస్తే ఆ పెద్దలే నోరు తెరిచారు. దెయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడని కథ అల్లారు గానీ, మధ్యలో కూర్చుని సాధన చేశాడంతే. 1936, 37లో రికార్డు చేసిన 29 పాటలతో అందరికీ గురువయ్యాడు. అప్పుడూ నీలాంటివాళ్ళే ఉన్నారు. నిన్న ఆ స్టేజీ మీద ఒక మెటల్ వాడు నిలబడి స్లో బ్లూస్ వాయిస్తుంటే, బాగుందా లేదా నాకనవసరం, ఎవడూ వచ్చి నాబ్ తిప్పలేదు, దానికోసం వెళ్ళా నేను.

పెంటాటానిక్_పంతులు · 5:48
ఎవడూ తిప్పలేడు, ఎందుకంటే అక్కడ ఇంకెవడికీ చోటు లేదు. అది ఆయన షో. మంగళవారం నువ్వు ఎక్కగలిగావు, అవమానమే అనుకో, ఎక్కావు. ఈ శుక్రవారం నీకు ఎక్కే దారి ఉందా? 999 కట్టి కిందే నిలబడాలి, నాలాగే.

పాలకొల్లు_మీటు · 6:10
ఇప్పుడు ఇద్దరూ గిటారు గురించి మాట్లాడట్లేదని మీకు తెలుస్తోందా

ఆరు_తీగల_అల్లరి · 6:32
అక్కా ప్లీజ్.
మంగళవారం ఆపేసినందుకు నాకూ బాధే, నమ్మితే నమ్ము లేకపోతే లేదు. కానీ ఆ కోపం పబ్ మేనేజర్ మీద చూపించు. సి షార్ప్ అని చెప్పి వాయించినవాడి మీద కాదు.

బేస్_బాబాయ్ · రాత్రి 8:45
మా ఆఫీసు కుర్రాడు రెండో పాట మొత్తం ఫోన్‌లో తీశాడు. ఇప్పుడే నాలుగుసార్లు విన్నా. బేస్ వాయించేవాడు రెండో బార్‌లో 'A' మీదే ఉన్నాడు, డికి వెళ్ళలేదు. బేస్ కదలకపోతే సి షార్ప్ తప్పెలా అవుతుంది, ఏ7లో ఉన్నదే అది. సారీ అన్నా.

పెంటాటానిక్_పంతులు · 9:02
కీబోర్డు వినండి. ఫోన్ స్పీకర్‌లో కాదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ఎడమ చెయ్యి డి7 పట్టింది, స్పష్టంగా ఉంది.

ఆరు_తీగల_అల్లరి · 9:04
అబ్బా

బేస్_బాబాయ్ · 9:30
కీబోర్డు వాయించినతను నాకు తెలుసు, ఫోన్ చేసి అడిగా. రెండో బార్‌లో ఏం వాయించాడో తనకే గుర్తులేదంట.