అమ్మకి డిప్రెషన్ మాత్రలు నడుస్తున్నాయి, అక్క అమెరికా నుంచి హెర్బల్ డబ్బాలు తెచ్చింది, కలిపి వాడొచ్చా?

తెనాలి_కుర్రాడు

అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా అమ్మకి 63 ఏళ్ళు. నాన్న పోయి ఏడాది కావస్తోంది, అప్పట్నుంచి నిద్ర లేదు, తెల్లారుజామున 3 గంటలకి లేచి గుమ్మంలో కూర్చునేది, గుండె దడ, అన్నం సయించదు, ఎవరైనా పలకరిస్తే చాలు ఏడుపు. బంధువులంతా బెంగ పెట్టుకుంది, అదే పోతుందిలే అన్నారు. చివరికి నేనే సైకియాట్రిస్టుకి చూపించా, అమ్మకి మాత్రం నరాల డాక్టర్ అని చెప్పి తీసుకెళ్ళా, లేకపోతే ఇల్లు కదిలేది కాదు. ఆయన డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ, రాత్రికి నిద్ర కోసం క్లోనజిపామ్ 0.5 ఎంజీ రాశారు. ఇప్పటికి 7 వారాలైంది.

నాలుగో వారం నుంచి మనిషి మారింది అండి, అది చెప్పి తీరాలి. పక్కింటి పిన్నిగారితో గుడికెళ్ళింది, చాన్నాళ్ళకి గోంగూర పచ్చడి నూరింది. కానీ ఒక పది రోజుల్నుంచి మళ్ళీ తేడాగా ఉంది. తల తిరుగుతోంది అంటుంది, వాంతి వచ్చేట్టుంది అంటుంది, నడుస్తుంటే తూలుతోంది, మొన్న బాత్రూం దగ్గర గోడ పట్టుకుని నిలదొక్కుకుంది లేకపోతే పడిపోయేదే. నిన్న నన్ను పట్టుకుని మా మావయ్య పేరుతో పిలిచింది. ఇంట్లో అందరూ "ఆ మత్తు మాత్రలు ఆపెయ్యండి, పిచ్చిదాన్ని చేసేస్తాయి" అని ఒకటే గొడవ.

ఈలోగా మా పెద్దమ్మ కూతురు డాలస్ నుంచి వచ్చింది, రెండు డబ్బాలు తెచ్చింది. ఒకటి సెయింట్ జాన్స్ వోర్ట్, రెండోది అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్. అక్కడ అందరూ వాడతారట, మూలికలే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, ఇవి మొదలుపెట్టి అవి ఆపెయ్యమంటోంది. అమ్మకి బీపీ, థైరాయిడ్ మాత్రలు కూడా ఉన్నాయి, గుండెకని చిన్న ఆస్పిరిన్ ఒకటి, మోకాళ్ళ నొప్పులకి ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్ర అప్పుడప్పుడు. అశ్వగంధ 4 రోజుల నుంచి వేస్తున్నాం, రెండోది ఇంకా మూత తియ్యలేదు. ఏం చెయ్యాలి?

యోగమిత్ర

బాబూ, ఆ మాత్రలు ఒకసారి మొదలెడితే జీవితాంతం అలవాటైపోతాయి. అమ్మగారితో పొద్దున్నే ప్రాణాయామం, వాకింగ్ చేయించండి. మా అత్తగారికి అలాగే తగ్గింది. ఈ రోజే ఆపెయ్యండి.

ప్రశాంతి_వైజాగ్

దయచేసి ఈ రోజే ఆపెయ్యండి అని ఎవరికీ చెప్పకండి సర్, నేను అనుభవించి చెప్తున్నా. నాకు ప్యానిక్ అటాక్స్‌కి ప్యారాక్సెటిన్ ఇచ్చారు, అదీ ఎస్సిటలోప్రామ్ జాతిదే, ఏడు నెలలు వాడా, బాగుంది కదా ఇంకెందుకు అని పెళ్ళిచూపులు ఉన్నాయని ఎవరికీ చెప్పకుండా ఒక్కసారి మానేశా. రెండో రోజు నుంచి మొదలైంది, కళ్ళు పక్కకి తిప్పితే చాలు తల లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది, బస్సులో కిటికీ పక్కన కూర్చోలేకపోయా. ఏడుపు, కోపం, పిచ్చి కలలు. నా జబ్బు తిరగబెట్టిందేమో అని భయపడి చచ్చా. డాక్టర్ దగ్గరికెళ్తే మళ్ళీ మొదలుపెట్టించి మూడు నెలల మీద కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చారు, అప్పుడు ఏమీ అవ్వలేదు. ప్యారాక్సెటిన్, వెన్లాఫ్యాక్సిన్‌తో ఇది ఎక్కువట, ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో చాలా రోజులుంటుంది కాబట్టి దానితో తక్కువట.

అలవాటు గురించి కూడా ఒక మాట. తెనాలి తమ్ముడూ, మీ అమ్మ వాడే రెండూ ఒక జాతి మాత్రలు కావు. ఎస్సిటలోప్రామ్ పనిచెయ్యడానికే రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, దానికి మత్తు లేదు, రోజూ డోసు పెంచుకుంటూ పోవాలనిపించదు, తగ్గాక కూడా 6 నుంచి 9 నెలలు వాడమంటారు, మళ్ళీ రాకుండా. క్లోనజిపామ్ అలా కాదు, వేసిన గంటలో తెలుస్తుంది, అలవాటయ్యేది అదే. మొదటి మాత్ర పని మొదలుపెట్టేదాకా ఊతకర్రలా కొన్ని వారాలకి ఇస్తారు, చాలామంది ఆ చీటీ మీదే ఏళ్ళ తరబడి కొనుక్కుంటూ ఉంటారు. యోగా మంచిదే, నేనూ చేస్తా, మాత్రతో పాటు చేస్తా.

ఇందూరు_ఫార్మసిస్ట్

తమ్మీ, నేను నిజామాబాద్ దిక్కు మెడికల్ షాపు నడుపుతున్న, 17 ఏండ్ల సంది. మిగతా ముచ్చట తర్వాత, ముందు ఒక్క పని చెయ్. అమ్మ బీపీ గోలీ షీటు చేతిల పట్టుకో. పేరు చివర హెచ్ అని గానీ సీహెచ్ అని గానీ ఉందా చూడు. ఆ గోలీ ఎప్పుడు మొదలైందో గుడ చెప్పు.

ఎందుకంటే ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసే మందు. దానితోటి సోడియం, అంటే రక్తంల ఉండే ఉప్పు, బయటకు పోతది. ఎస్సిటలోప్రామ్ జాతి గోలీలు గుడ పెద్ద వయసోళ్ళల్ల, అందుల ఆడోళ్ళల్ల ఎక్కువ, ఒంట్ల నీళ్ళు ఆపి సోడియం పడగొడతయ్. రెండూ కలిస్తే ఇగ చెప్పొద్దు. తూలుడు, వాంతి వచ్చినట్టయితుండుడు, మనుషుల్ని గుర్తు పట్టకపోవుడు, నువ్వు చెప్పినయన్నీ నాకు గదే అనిపిస్తున్నయ్. నేను డాక్టర్‌ని కాదు, షాపుల కూసోని జబ్బు చెప్పొద్దు, కానీ ఇది రేపటికి ఆగేది కాదు. సీరం ఎలక్ట్రోలైట్స్ అని ఏ ల్యాబ్‌లనైనా చేస్తరు, మామూలుగ సోడియం 135 నుంచి 145 ఉండాలె. తక్కువుంటే ఇంట్ల ఉప్పు నీళ్ళు తాగించకు, నేరుగ దవాఖానకు తీస్కపో.

ఇగ ఆపెయ్యమన్నోళ్ళకు. 2015ల మా జిల్లాల కల్తీ కల్లు మీద గవర్నమెంటోళ్ళు దాడులు చేసిండ్రు. ఆ కల్లుల కలిపేది అల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్. తాగి తాగి అలవాటు పడ్డ మనుషులకు ఒక్క పారి బందయ్యేసరికి చేతులు వణుకుడు, ఫిట్స్, లేని మనుషులతోని మాట్లాడుడు, దవాఖాన్ల మంచాలు సరిపోలే. మా షాపు ముంగట అరుగు మీద ఒక పెద్దమనిషి గాలిల గొడ్లను అదిలించినట్టు అదిలించుకుంట కూసున్నడు, నాకు ఇప్పటికీ కండ్ల ముందే ఉంది. క్లోనజిపామ్ గుడ ఆ ఇంటి మందే. నెలల తరబడి వాడి ఒక్క దినంల ఆపుడు అంటే గట్లనే. డాక్టర్ చెప్తనే మెల్లగ దించాలె.

అల్ప్రజోలం, డయజిపామ్, జోల్పిడెమ్ 2014 మార్చి సంది హెచ్1 లిస్టుల ఉన్నయ్. చీటీ లేకుంట అమ్మొద్దు, రాసిన డాక్టర్, రోగి, ఎన్ని గోలీలు అన్నీ రిజిస్టర్ల రాసి మూడేండ్లు ఉంచాలె. అయినా రోజుకు ఒక్కరన్న వచ్చి "అన్నా, నిద్ర గోలీ ఒక నాలుగియ్యి" అంటరు. లేదంటే కోపానికొస్తరు. నేనియ్య.

మోకాళ్ళ గోలీ గురించి గుడ చెప్త. అది డైక్లోఫెనాక్ అయితే ఆస్పిరిన్, ఎస్సిటలోప్రామ్ మూడూ కలిసి కడుపుల రక్తం కారే ప్రమాదం పెరుగుతది, దొడ్డికి నల్లగ తారు లెక్క పోతే సమజ్ చేస్కోవాలె. ట్రమడాల్ అయితే ఇంకో తిరకాసు, ఎస్సిటలోప్రామ్ తోటి దానికి పడదు. షీటు ఫోటో తీసి డాక్టర్‌కు చూపెట్టు.

తెనాలి_కుర్రాడు

అన్నా హెచ్ ఉంది. 40 పక్కనే చిన్నగా హెచ్. పాత మాత్రతో బీపీ తగ్గట్లేదని వేరే డాక్టరు మూడు వారాల క్రితం మార్చారు, ఆయనకి ఈ మాత్రల సంగతి మేం చెప్పలేదు, అమ్మే చెప్పొద్దంది, నలుగురికీ తెలుస్తుందని. ఇప్పుడే తీసుకెళ్తున్నా.

ఎడిసన్_అమ్మాయి

ఆ సెయింట్ జాన్స్ వోర్ట్ మూత తియ్యకపోవడమే మంచిదైంది తమ్ముడూ. నేను న్యూజెర్సీలో ఉంటా. ఇక్కడ చలికాలం సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, నాకు రెండేళ్ళ క్రితం బాగా దిగులుగా ఉండేది, డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడి షాపులో విటమిన్ల పక్కన కనపడితే అదే కొనుక్కున్నా. డబ్బా మీద పసుపు పువ్వు బొమ్మ, చూస్తే మన తంగేడు గుర్తొస్తుంది, చాలా అమాయకంగా ఉంటుంది. నేను అప్పుడు పిల్లలు పుట్టకుండా పిల్స్ వాడుతున్నా. నెలన్నరకి మధ్యలో బ్లీడింగ్ మొదలైంది. ఫార్మసీలో ఆవిడ అడిగితే గానీ తెలీలేదు, ఆ మూలిక లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని పెంచేస్తుందట, అందుకని పిల్ పూర్తిగా పనిచెయ్యకుండానే పోతోంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అవయవ మార్పిడి వాళ్ళు వాడే సైక్లోస్పోరిన్, హెచ్ఐవీ మందులు అన్నిటికీ ఇదే తంటా, హెచ్ఐవీ మందు విషయంలో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లోనే హెచ్చరించింది.

ఎస్సిటలోప్రామ్‌తో అయితే వేరే ప్రమాదం. రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే, కలిస్తే చెమటలు, వణుకు, కండరాలు బిగుసుకోవడం, జ్వరం, గందరగోళం, ముదిరితే ప్రాణం మీదకి వస్తుంది. ఒకటి ఆపేసి మర్నాడే రెండోది మొదలెట్టడం కూడా కుదరదు. మీ అక్కని తప్పు పట్టకండి, ప్రేమతోనే తెచ్చి ఉంటుంది, కానీ ఇక్కడ అమ్ముతున్నారు కాబట్టి గవర్నమెంటు పరీక్షించి వదిలింది అనుకోవడం మాత్రం పొరపాటు. 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు అమ్మే ముందు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. ఆ మూలిక పనిచెయ్యదని కాదు, మామూలు డిప్రెషన్‌కి కొంత పనిచేస్తుంది, పనిచేస్తుంది కాబట్టే మందులతో గొడవపడుతుంది.

వైద్యం_బీఏఎంఎస్

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, అశ్వగంధ రోజూ రాస్తాను. మా వైపు పల్లెల్లో పెన్నేరు గడ్డ అంటారు. పాలల్లో వేసి చూర్ణం ఇవ్వడం వేరు, అదే గడ్డని ఎన్నో రెట్లు చిక్కబరిచి క్యాప్సూల్‌లో కూరి నెలల తరబడి వెయ్యడం వేరు, రెండిటినీ ఒకటే అనుకుని "తాతల కాలం నుంచి ఉన్నదే" అంటుంటే బాధేస్తుంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ని పెంచగలదు. మీ అమ్మగారు థైరాయిడ్ మాత్ర మీద ఉన్నారు, అది ఎక్కువైతే మళ్ళీ గుండె దడ, చెమట, నిద్రలేమి, అంటే ఏ కంగారు తగ్గాలని వేస్తున్నామో అదే. క్లోనజిపామ్ మత్తుకి ఇంకొంచెం మత్తు కూడా కలుపుతుంది. ఇక కామెర్లు. ఐస్‌లాండ్‌లో, అమెరికాలో, మన దేశంలో కూడా అశ్వగంధ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి, అరుదే, ఎక్కువమందికి ఆపాక తగ్గింది, కానీ లేదు అనడానికి లేదు. డెన్మార్క్ 2023లో నిషేధించింది. నిషేధం దాకా అక్కర్లేదని నా అభిప్రాయం, గర్భిణులకి, థైరాయిడ్, లివర్ జబ్బులున్నవాళ్ళకి మాత్రం అడక్కుండా వెయ్యకూడదు.

నా వృత్తి వాళ్ళకి నచ్చకపోయినా ఇదీ చెప్తాను. 2004లో అమెరికా వైద్య పత్రిక ఒకదాంట్లో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ దొరికాయి. సీసం నరాల మీదే పనిచేస్తుంది. పేరూ ఊరూ లేని "నరాల బలం" పొడులు ఎవరిచ్చినా పుచ్చుకోకండి, మా పేరు చెప్పి ఇచ్చినా సరే.

ప్రశాంతి_వైజాగ్

తమ్ముడూ ఏమైంది? రెండు రోజులైంది, మెసేజ్ పెట్టు. అమ్మ ఎప్పుడైనా "ఎందుకీ బతుకు" లాంటి మాటలంటే ఆలస్యం చెయ్యకు, గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ టైములోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తెనాలి_కుర్రాడు

సారీ అందరికీ, హాస్పిటల్లో ఉన్నాం, ఫోన్ చూడలేదు. ఇవ్వాళే ఇంటికొచ్చాం. ఆ రాత్రి సోడియం 119 వచ్చింది. డ్యూటీ డాక్టర్ రిపోర్ట్ చూసి మంచం దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చారు, అది చూసి నాకు కాళ్ళాడలేదు. ఐసీయూలో పెట్టారు. ఇంత తక్కువుంటే వెంటనే ఎక్కించెయ్యొచ్చు కదా అన్నా, అలా గబగబా పెంచితే మెదడు దెబ్బతింటుంది, రోజుకి కొద్ది కొద్దిగానే పెరగాలి అన్నారు, కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూశారు. 119, 123, 127, 132 ఇలా వచ్చింది. నాలుగో రోజు పొద్దున కాఫీ ఇస్తుంటే నన్ను నా పేరుతో పిలిచి "నాన్న ఫోటోకి దండ మార్చారా" అంది. నేను బయటికొచ్చి ఏడ్చేశా అండి.

హెచ్ మాత్ర తీసేసి వేరే బీపీ మాత్ర రాశారు. సైకియాట్రిస్ట్ కూడా వచ్చారు, ఎస్సిటలోప్రామ్ బదులు మిర్టజాపిన్ పెట్టారు, దానితో సోడియం పడిపోవడం తక్కువట, నిద్ర, ఆకలి కూడా వస్తాయట. క్లోనజిపామ్ సగానికి తగ్గించారు, వారాల మీద ఇంకా దించుతారు. అశ్వగంధ ఆపేశాం. మోకాళ్ళ మాత్ర డైక్లోఫెనాకే, ఇందూరు అన్న చెప్పినట్టే. అక్క చాలా బాధపడింది, నేనే ఊరుకోబెట్టా, రెండు డబ్బాలూ తన సూట్‌కేసులోనే పెట్టేసుకుంది.

ఇన్నాళ్ళూ ఇద్దరు డాక్టర్లు, ఒక ఆర్‌ఎంపీ, ఒక అక్క, ఎవరి మందు వాళ్ళిచ్చారు, అన్నీ కలిపి చూసిన మనిషి లేడు. ఇప్పుడు అమ్మ వేసుకునేవన్నీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించా, కషాయం తాగినా దాంట్లో ఎక్కాలి. ఆ కాగితం ఫోటో ఇద్దరు డాక్టర్లకీ పంపా. అమ్మ ముందు వద్దంది, తర్వాత తనే పెన్ను తీసుకుని కింద ఆవకాయ తగ్గించాలి అని రాసింది.

మంగళవారం మళ్ళీ సోడియం టెస్ట్ ఉంది, రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెడతా.