ఉచిత ప్యాకెట్ దేన్ని అలవాటు చేస్తుంది: సరుకునా, తక్కువ రేటునా?

కుంకుడుచెట్టు:
డ్వాక్రా సంఘాలు చేసే సీకాయ పొడినే ఉదాహరణగా తీసుకుందాం. కొత్త సరుకు జనానికి అలవాటు కావాలంటే మొదట్లో ఉచితంగానో సగం రేటుకో ఇమ్మని చాలామంది సలహా ఇస్తారు. అది తప్పని నా వాదన. 10 రూపాయల ప్యాకెట్‌ని మూడు నెలలు 6కి అమ్మితే, కొనేవాళ్ల లెక్కలో దాని రేటు 6 రూపాయలే. నాలుగో నెల 10 అంటే అసలు రేటుకి వచ్చారనుకోరు, పెంచేశారంటారు. వాళ్లకి అబ్బింది సీకాయ అలవాటు కాదు, తక్కువ రేటు అలవాటు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

తలంటు లెక్క:
రేటు తగ్గించడాన్నీ ఉచితంగా ఇవ్వడాన్నీ ఒకే గాటన కట్టారండి. ఉచితం ఎప్పుడు ఇస్తున్నాం, దేనికి బదులుగా ఇస్తున్నాం అన్నదే అసలు సంగతి. 1983లో తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ మొదలుపెట్టిన చిక్ షాంపూ సంగతి చూడండి. షాంపూ వాడకం పెద్దగా లేని పల్లెల్లో ముందు ఒక కుర్రాడికి అందరి ఎదుట తలరుద్ది చూపించారు. చుట్టూ చేరినవాళ్లని ఆ జుట్టు ముట్టుకుని, వాసన చూడమన్నారు. ఆ తర్వాతి పథకం ఇది: ఏ కంపెనీదైనా సరే, ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం. కొన్నాళ్లకి షరతు బిగించారు. ఇకమీదట ఐదూ చిక్‌వే అయ్యుండాలి.

ఇందులో రెండు మెట్లున్నాయి. జనం అప్పటికే చేస్తున్న పనికి, అంటే ఏదో ఒక షాంపూ కొనడానికి, మొదట బహుమతి ఇచ్చారు. అది కుదురుకున్నాక తమకు కావలసిన పనికి మాత్రమే బహుమతి ఇచ్చారు. అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో ప్రవర్తనను మెట్టుమెట్టుగా మలిచిన పద్ధతి సరిగ్గా ఇదే. డబ్బు లెక్క చూస్తే ఆరు ప్యాకెట్లకి ఐదింటి డబ్బు, అంటే సుమారు 17 శాతం తగ్గింపు. అయినా ప్యాకెట్ మీది రేటు చెక్కుచెదరలేదు. మీరు భయపడుతున్న నష్టం జరిగేది ఆ ముద్రించిన రేటుని కదిపినప్పుడే.

కుంకుడుచెట్టు:
మరి 1999లో వాళ్లే 50 పైసల ప్యాకెట్ తెచ్చారు కదా? అది రేటు కదపడం కాదా?

తలంటు లెక్క:
కాదు. అది నాలుగు వారాల తగ్గింపు కాదు, నిలకడగా ఉంచిన రేటు. పైగా అప్పట్లో చేతిలో ఉండే ఒక్క నాణేనికి సరిపోయే రేటు. చిల్లర వెతకక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. అలవాటుకి అడ్డొచ్చే చిన్నచిన్న ఇబ్బందులు తీసేయడం వేరు, బేరం చూపించడం వేరు.

కొట్టుగుమ్మం:
ఇద్దరూ కొనేవాళ్ల మనసు దగ్గరే ఆగిపోయారు. కిరాణా కొట్టు ముందు నిలబడినవాళ్లు ఎక్కువసార్లు "రెండు షాంపూలివ్వు" అంటారు, పేరు చెప్పరు. కొట్టాయన చెయ్యి ఎటు పోతే అదే వాళ్ల అలవాటు. కళ్లెదురుగా వేలాడే ప్యాకెట్ల దండ అమ్ముడవుతుంది, లోపల డబ్బాలో ఉన్నది మిగిలిపోతుంది. కొట్లకి సరుకు వేసే లైన్ సేల్స్‌మన్ వారానికోసారి వస్తాడనుకుందాం. సరుకు నాలుగో రోజుకే అయిపోతే మిగతా మూడు రోజులూ మీ కొనుగోలుదారులు వేరే కంపెనీ దగ్గర పాఠం నేర్చుకుంటారు.

అలవాటు పడిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. కొట్లో ఒక కాగితం పెట్టి, అడిగిన 50 మందికీ మూడు గళ్లలో గీతలు గీయండి: పేరు పెట్టి అడిగినవాళ్లు, పేరు చెప్పకుండా అడిగినవాళ్లు, మీది లేదంటే ఇంకొకటి తీసుకోకుండా వెళ్లిపోయినవాళ్లు. మూడో గడి నిండుతుంటేనే అలవాటు. అమ్మకాల మొత్తం ఒక్కటే చూస్తే ఇది కనిపించదు.

నిదానం:
గీతల లెక్క బాగుంది. కానీ ఎన్నాళ్లకి గీయాలి? 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించారు. రోజూ ఒకే సందర్భంలో చేసే చిన్న పని అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని ఆ 12 వారాల లెక్కల నుంచి అంచనా కట్టారు. ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది.

దీన్ని తలంటుకి నేరుగా అంటించకూడదు. అది రోజూ చేసే పని కాదు, చాలా ఇళ్లలో వారానికోసారి. నెలకి నాలుగు సార్లే మళ్లీమళ్లీ జరిగే పనికి ఒక్క ఉచిత ప్యాకెట్ అంటే ఒక్క రుచి, అంతే. అయితే ఇందులో ఒక లాభం ఉంది. ఆదివారం తలంటు అన్న సందర్భం మన ఇళ్లలో ముందే ఉంది. కొత్త సందర్భం పుట్టించక్కర్లేదు, ఉన్నదాంట్లో దూరితే చాలు. అందుకే పంచితే శనివారం పంచాలి. మంగళవారం ఇచ్చిన ప్యాకెట్ అలమరలో పడుంటుంది.

కుంకుడుచెట్టు:
బదులుగా ఇచ్చే ఉచితం వేరని ఒప్పుకుంటున్నాను. రేటు తగ్గింపు మీద మాత్రం నా మాట మారదు. ఇంకో అడ్డంకి ఎవరూ ఎత్తలేదు. షాంపూలు ఇన్నేళ్లుగా నురగంటేనే శుభ్రం అని నేర్పాయి. సీకాయకి అంత నురగ రాదు. మొదటి తలంటులోనే "ఇది పనిచెయ్యదు" అని తేల్చేస్తారు. ఆ చేదు పాఠం చెరపడానికి పది ఉచిత ప్యాకెట్లు చాలవు. కాబట్టి పొడిలో కుంకుడు పొడి కలపాలి. గరుకుగా ఆడిస్తే రేణువులు జుట్టులో ఇరుక్కుంటాయి, మెత్తగా జల్లించాలి. ఒక ప్యాకెట్ ఒక పొడుగు జడకి సరిపోవాలి. చాలక రెండోది చింపారంటే రేటు రెట్టింపైనట్టే. పలచని కవరైతే చెమ్మకి గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్లలో జారుగా కలిపి పది నిమిషాలు నాననివ్వాలని కవరు మీద బొమ్మలతో చూపాలి. చదవలేనివాళ్లూ వాడతారు.

తలంటు లెక్క:
అందుకే ఆ కుర్రాడి తలంటు ముందు, పథకం తర్వాత. నూనె పెట్టిన జుట్టులో సగానికి సీకాయ, సగానికి వట్టి నీళ్లు వాడి చూపిస్తే నురగ మాట వెనక్కి పోతుంది.

కొట్టుగుమ్మం:
ఖాళీలు వెనక్కి తీసుకునే పథకం పెడితే ఒక్క జాగ్రత్త. వాటిని లెక్కపెట్టి దాచే కొట్టాయనకి ప్రతి వంద ఖాళీలకీ ఇంత అని ముందే రాసివ్వండి, వారం వారం తీర్చేయండి. ఒక్క వారం బాకీ పడినా "పథకం అయిపోయింది" అని చెప్పేస్తాడు. ఐదు ఖాళీలు దాచుకుని వచ్చినవాళ్లు మళ్లీ ఆ ప్యాకెట్ అడగరు.